పిట్, పెట్

గ్రోనింగన్‌లో నవంబరు.
ఉదయం ఎనిమిదైనా వీధిదీపాలు ఆరలేదు.
మూడో అంతస్తులో, గోడలకు నురగ అతికించిన గదిలో
ఒక జీబ్రా ఫించ్ పిట్ట
వక్కంత తల పక్కకు వాల్చి వింటోంది.

దానికి చెవిడొప్పలు లేవు.
వినికిడిని ఈకల కింద ఎక్కడో దాచుకుంది
కొంగున ముడేసుకున్న చిల్లరలా.

పాఠం చిన్నదే.
స్పీకరు "పిట్" అంటే ఎర్ర ముక్కుతో మీట నొక్కాలి,
నాలుగు గింజలు రాలతాయి.
"పెట్" అంటే నొక్కకూడదు.
నొక్కితే పది సెకన్లు చీకటి.

డచ్చి భాషలో పిట్ అంటే గింజ, పెట్ అంటే టోపీ.
ఆ సంగతి దానికెవరూ చెప్పలేదు.
నాకు మాత్రం, ఎంత వద్దనుకున్నా,
చివర తెగిపోయిన అచ్చు వచ్చి అతుక్కునేది:
పిట్ట, పెట్ట.
గుడికీ ఎత్వానికీ తేడా తెలీక
ఒకటో తరగతిలో నేను తిన్న బెత్తం దెబ్బలే
దీనికి పది సెకన్ల చీకటి.

మొదట సీట్స్కె గొంతుతో నేర్పాం.
తర్వాత గొంతులు మార్చాం:
జలుబు చేసిన విద్యార్థి,
మీసాలు మొలుస్తూ గొంతు పగిలిన కుర్రాడు,
సిగరెట్లతో అరిగిపోయిన లైబ్రరీ ఆవిడ.
పిట్ట లెక్కచేయలేదు.

మనం ముందు ఎవరో వింటాం,
తర్వాతే ఏమిటో.
ఫోనులో "ఆఁ" అన్న ఒక్క ముక్కతో
అక్క ఇందాకటిదాకా ఏడ్చిందని పోల్చేస్తాం.
ఇదీ తన జంట కూతను గుంపులో పోలుస్తుందట.
మనం మాత్రం దానికి అందరం ఒకటే,
నోళ్లు. నోళ్లలో అచ్చులు.

డిసెంబరులో వుబ్బో వచ్చాడు.
ముప్పై ఏళ్లు కాలువ మీద వంతెన కాశాడు,
పడవలవాళ్లను కేకేసి ఆపి, కేకేసి పంపి.
ఇప్పుడు గొంతులో పెట్టె లేదు, డాక్టర్లు తీసేశారు.
మెడ మీది రంధ్రాన్ని వేలితో మూస్తేనే మాట.
ఆ మాట గులకరాళ్ల మీద బక్కెట్టు ఈడ్చినట్టుంటుంది.
రొట్టెల కొట్టు పిల్ల ఆయన్ని చూడగానే
కాగితమూ పెన్నూ ముందుకు జరుపుతుందట.

మైకు ముందు కూర్చుని
జాబితా చదివాడు, తడబడుతూ, ఊపిరి తీసుకుంటూ.
అద్దానికి ఇవతల నేనూ రాస్తున్నాను,
ఏది పిట్, ఏది పెట్.
పిట్ట మొదట మూడుసార్లు కదల్లేదు.
నాలుగోసారి రెక్క సర్దుకుంది.
ఐదోసారి నొక్కింది.

నేను పెట్ అని రాశాను.
జాబితాలో పిట్ అని ఉంది.

గింజలు రాలిన చప్పుడు మైకులో విన్నాడు వుబ్బో.
నవ్వాడు. నవ్వుకు శబ్దం లేదు, భుజాలే నవ్వాయి.
వేలు మెడకు ఆనించి అడిగాడు:
"నేనని తెలిసిందా దానికి?"

సీట్స్కె అబద్ధం చెప్పదు. ఫ్రీజియా పల్లె మనిషి.
"లేదు," అంది.
"తెలిస్తే ఈ ప్రయోగమే పనికిరాదు."

నేను తల దించుకున్నాను.
ఆయన కాసేపు ఆలోచించి, మళ్లీ వేలు ఆనించి,
"మంచిదే.
వంతెన కింద పోయేవాళ్లకు మాత్రం నేనెవరో ఏం తెలుసు?
ఆగమంటే ఆగేవాళ్లు," అన్నాడు.

నా కాగితం మీద తప్పుల్ని సీట్స్కె ఎర్రగా చుట్టింది.
నలభైలో పదకొండు.
పిట్టవి ఆరు.

వెళ్తూ వెళ్తూ టోపీ కుర్చీ మీద మర్చిపోయాడు.
నేను మెట్ల దగ్గరికి పరిగెత్తి
వచ్చిన కాస్త డచ్చిలో అరిచాను,
"పెట్! పెట్!"
కింద మలుపులో ఆగాడు.
నా ఎత్వం ఎంత వంకరగా వెళ్లిందో ఏమో,
పైకి చూసి,
కన్ను గీటి,
గింజలేవీ అన్నట్టు
అరచేయి చాచాడు.